పోతయ్య రాసిన చీటీ

బందరు కోనేరు సెంటర్లో ఎవరినైనా ఆపి "వర్తక మండలి ఆఫీసు ఎక్కడండీ?" అని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. "శామ్యూలు గారి ఆఫీసు" అనండి, చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చి మరీ దిగబెడతారు. మండలికి అధ్యక్షులు పదకొండు మంది మారారు. గుమాస్తా మాత్రం ఒక్కడే. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ మేడమీద గది తాళంచెవి శామ్యూల్ రాజ్ చొక్కా జేబు దాటి బయటికి పోలేదు.

అతను పుట్టింది దివిసీమలో, కోడూరు అవతల ఒక పల్లెలో. ఉప్పెన ఏడాదికి పదేళ్ళవాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పడు, మనమూ అడగొద్దు. తల్లి మార్తమ్మ ఒక్కగానొక్క కొడుకు చెయ్యి పట్టుకుని బందరు చేరి, ఆసుపత్రిలో ఆయాగా చేసి చదివించింది. తెలుగు, ఇంగ్లీషు రెండు టైపుల్లోనూ హయ్యర్ పాసై, ఇరవై ఏడో ఏట మండలిలో చేరాడు. ఉత్తరాలు కొట్టడం, మీటింగులకి కుర్చీలు వేయించడం, మున్సిపాలిటీకి అర్జీలు మోసుకెళ్ళడం, అధ్యక్షుల వారికి కోపం వస్తే పడటం, ఇదీ ఉద్యోగం. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. కూతురు దీవెన గుడివాడలో ల్యాబ్ టెక్నీషియన్. చూడటానికి ఇంతే మనిషి. కానీ ఆ ఊరి వర్తకులు ఏటా ఒక రోజు తమ తలరాతలు తెచ్చి అతని చేతుల్లో పెట్టేవాళ్ళు. ఆ కథే చెప్పబోతున్నాను.

పూర్వం మండలి కొత్త సంవత్సరం లక్ష్యాలంటే పది అంశాల కాయితం. బందరుకు పోర్టు రావాలి. రేపల్లెకు రైలు పడాలి. కలంకారీకి దేశదేశాల్లో పేరు రావాలి. జనవరి ఒకటి పొద్దున అధ్యక్షులు చదువుతారు, సభ్యులు చప్పట్లు కొడతారు, ఉప్మా తింటారు, లడ్డు కొరుక్కుంటూ మెట్లు దిగుతారు. మళ్ళీ జనవరికి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే. శామ్యూల్ రాజ్ ఏటా పాత కాయితం ముందు పెట్టుకుని సంవత్సరం మార్చి కొట్టేవాడు. ఒక ఏడాది ఆ ఒక్కటీ మార్చడం మరిచిపోయాడు. అప్పటి అధ్యక్షుడు అంకమ్మరావు, ఎరువుల హోల్‌సేల్ వ్యాపారి, గంభీరంగా కాయితం చివరి దాకా చదివాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు చూశాడు తారీఖు.

"ఒరే శామ్యూలూ, ఇది పోయినేడాది కాయితం కదరా!"

హాలంతా గొల్లుమంది. నవ్వు మాత్రం ఎంతోసేపు నిలవలేదు. పోయినేడాది కాయితానికీ ఈ ఏడాది కాయితానికీ తేడా కనిపెట్టలేకపోయామే అన్న సిగ్గు అందరి మొహాల్లోనూ కనిపించింది. అప్పుడే శామ్యూల్ రాజ్ భయపడుతూ నోరు విప్పాడు.

"మా చర్చిలో కొత్త సంవత్సరానికి వాగ్దానం చీటీ తీస్తామండీ. ఒక్కొక్కళ్ళకీ ఒక్క మాటే వస్తుంది. ఏడాదంతా దాన్నే పట్టుకుని ఉంటాం. పది పెట్టుకోం."

అంకమ్మరావు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మన చీటీలు రాయడానికి దేవుడికి తీరికెక్కడిదిరా. మనవే మనం రాసుకుందాం. కానీ ఒకడి చీటీ ఇంకొకడు తియ్యాలి. తీసినవాడే దానికి జామీను. ఏడాది తిరిగేసరికి ఆ పని అయ్యేట్టు చూసే పూచీ వాడిది" అన్నాడు.

అలా మొదలైంది. ఒక్కొక్క సభ్యుడూ తన వరకు ఆ ఏడాది జరిగి తీరాల్సిన ఒకే ఒక్క పని చీటీ మీద రాసి, డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రం లోపు మండలి ఆఫీసులో ఉన్న పాత బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. మర్నాడు గుమాస్తా వరసన పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు లేచి ఒక చీటీ తీసి, పైకి చదివి, "దీనికి జామీను నేను" అంటాడు. రిజిస్టరులో మూడు గడులు: ఎవరి లక్ష్యం, ఎవరు జామీను, నెరవేరిందా లేదా. ఏడాది చివర ఇద్దరూ కలిసొచ్చి మూడో గడి నింపి సంతకాలు పెడతారు.

ఊరంతా చెప్పుకునేంత బాగా నడిచింది. పెడన వెంకటస్వామి తన అద్దకపు అచ్చులు అరిగిపోయాయి, కొత్తవి చెక్కించుకోవాలి అని రాశాడు. ఆ చీటీ వచ్చింది ఎవరికనుకున్నారు? టేకు కలప అమ్మే ప్రకాష్‌కి. అచ్చులు చెక్కేది టేకు మీదే మరి. చేపల బజారు ముందు ఆడవాళ్ళకి నీడ కావాలి అని ఒకాయన రాస్తే, అది షామియానాలు అద్దెకిచ్చే ఆయన చేతికి వచ్చింది. "చీటీ మహిమండీ, చీటీ మహిమ!" అని చెంపలేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

మహిమా లేదు, మట్టిగడ్డా లేదు. అదంతా శామ్యూల్ రాజ్ వేళ్ళ పని.

మొదటి ఏడాది చీటీలు ఎలా పడితే అలా వచ్చి, ఒక కొట్టువాడి చీటీ అతని ఎదురు కొట్టువాడికే పోయి, ఇద్దరూ ఏడాదంతా కొట్టుకు చచ్చారు. రెండో ఏడాది నుంచి శామ్యూల్ రాజ్ డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని చీటీలన్నీ విప్పి చదివేవాడు. ఎవరి కష్టానికి ఎవరు పనికొస్తారో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పిలవబోయే పేర్ల వరసలోనే చీటీలు పేర్చి డబ్బాలో పెట్టేవాడు. వంకాయలు కొనేటప్పుడు గంప అడుగు దాకా చెయ్యి పెట్టే మనుషులే, చీటీ దగ్గరకొచ్చేసరికి పైనున్నది తీసుకుని పోతారు. ఒకరిద్దరు లోపలికి చెయ్యి పెట్టబోతే డబ్బా కాస్త వంచితే సరిపోయేది.

మొదట్లో తప్పు చేస్తున్నానేమో అనిపించింది. చర్చిలో పాస్టరు గారు ఇలాగే పేర్చి పెడితే తను ఊరుకుంటాడా? కానీ పనులు జరుగుతున్నాయి. నలుగురికీ మేలవుతుంటే మధ్యలో నా వేలు తగిలితే ఏం పోయింది అనుకున్నాడు. నిజం చెప్పుకోవాలంటే, కొంచెం గర్వం కూడా వచ్చింది. పెద్ద పెద్ద షావుకార్లు ఏడాదంతా ఎటు నడవాలో రెండు వేల జీతం నుంచి మొదలైన గుమాస్తా నిర్ణయిస్తున్నాడంటే మాటలా?

ఎనిమిదేళ్ళ కిందట పోతయ్య చీటీ వచ్చింది.

పోతయ్యది చిలకలపూడి. గిల్టు నగలకి బంగారు పూత వేసే చిన్న వర్క్‌షాపు. అతనూ శామ్యూల్ రాజూ ఒక్క బడిలో చదివినవాళ్ళు. ప్రతి శనివారం సాయంత్రం పోతయ్య ఇంట్లోనే టీ. అతని భార్య వీరలక్ష్మి శామ్యూల్ రాజ్‌ని "అన్నయ్యగారూ" అని నోరారా పిలిచేది. దసరాకి బూరెలు ఇటు వచ్చేవి, క్రిస్మస్‌కి కేకు అటు వెళ్ళేది. ఆ ఏడాది అతని చీటీ మిగతావాటి కంటే పెద్దగా, నాలుగు మడతలు పెట్టి ఉంది. వర్క్‌షాపు మూసెయ్యాలి అన్న మాట కంటపడగానే శామ్యూల్ రాజ్‌కి మనసొప్పలేదు. మిగతాదంతా గబగబా చదివాడు. కొత్త సంవత్సరం పూట పదిమందిలో మూసెయ్యడమేమిటి? అపశకునం కాదూ! ఎవరికొచ్చినా మొహం మాడ్చుకుంటారు. వీడు ఏదో నీరసపడ్డాడు, వెనక నుంచి ఒక్క తోపు తోస్తే లేచి నిలబడతాడు. డాక్టరు సంగతేదో రాశాడు కానీ ఈ రోజుల్లో డాక్టర్లు ఎవర్ని ఏది మానెయ్యమనరు?

మంచికే అనుకున్నాడు. తెల్లకాయితం తీసి "పూత పని పెంచుకోవాలి, పెద్ద ఆర్డర్లు కావాలి" అని రాసి మడిచి, అంకమ్మరావు వరసలో పెట్టాడు. ఊరు దాటి మద్రాసు దాకా పరిచయాలున్నవాడు అంకమ్మరావే. అసలు చీటీ చించబుద్ధి కాలేదు. కళ్ళజోడు పెట్టె అడుగున దాచాడు. వీలు చూసుకుని చిలకలపూడి వెళ్ళి మాట్లాడదాంలే అనుకున్నాడు.

మర్నాడు అంకమ్మరావు ఆ చీటీ చదువుతుంటే పోతయ్య చప్పున తలెత్తి శామ్యూల్ రాజ్ వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ అతన్ని వదల్లేదు. పదిమందిలో కాదనలేక పోతయ్య సరేనని తల ఊపేశాడు. అంకమ్మరావు మాటంటే మాటే. నెల తిరక్కుండా మద్రాసు ఆర్డర్లు తెప్పించాడు. పోతయ్య పొద్దున్నించి సాయంత్రం దాకా ఆసిడ్ తొట్ల మీద వంగి ఆ పొగ పీల్చాడు. శామ్యూల్ రాజ్ ఈ శనివారం చెబుదాం, వచ్చే శనివారం చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాడు. పోతయ్యా ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో పని కళకళలాడుతుంటే నోరు రాలేదు. దగ్గు ముదిరాక చెబుదామంటే భయం పట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కార్తీకమాసంలో ఊపిరితిత్తులు పూర్తిగా పాడై పోతయ్య పోయాడు.

ఆ డిసెంబరులో మూడో గడి నింపడానికి అంకమ్మరావుతో పాటు వీరలక్ష్మి వచ్చింది. ఆర్డర్లయితే పెరిగాయి కదా. అంకమ్మరావు కళ్ళు తుడుచుకుంటూ "నెరవేరింది" అని రాశాడు. ఆమె మొగుడి బదులు దాని కింద సంతకం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. శామ్యూల్ రాజ్ ఆ రోజు నుంచి చీటీలు చదివి పేర్చాడు గానీ, ఒక్క అక్షరం మార్చలేదు. శనివారాలు చిలకలపూడి వెళ్ళడం మానేశాడు. కళ్ళజోడు పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆ నాలుగు మడతల కాయితం కనిపిస్తూనే ఉండేది. పారెయ్యలేడు, ఇవ్వలేడు.

ఇక ఈ ఏటి సంగతి. ఇప్పటి అధ్యక్షుడు గిరిధర్, టైల్స్ షోరూం కుర్రాడు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మండలిలో ఆడవాళ్ళని చేర్చాలన్నది పోయినేడు అతను రాసుకున్న చీటీ. ఆ చేరికల్లోనే వీరలక్ష్మి సభ్యురాలైంది. వర్క్‌షాపు ఎప్పుడో ఎత్తేసి, అదే చోట గిల్టు నగల కొట్టు నడుపుకుంటోంది. డిసెంబరు ముప్ఫై ఒకటి నాలుగింటికి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి డబ్బా ముందు నిలబడింది.

"ఇందులోనే వెయ్యాలా, అన్నయ్యగారూ?"

"అవునమ్మా. కూర్చో, మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దండీ, కొట్లో ఎవరూ లేరు." చీటీ వేసి, వెళ్ళబోతూ ఆగింది. "మీరు మా ఇంటికి రావడమే మానేశారు. ఆయనతో పాటే మేమందరం పోయామా ఏంటి?"

శామ్యూల్ రాజ్ డబ్బా మూత సర్దాడు. ఆమె దిగి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, అలవాటుగా చీటీలు విప్పడం మొదలుపెట్టాడు. ఆమె చీటీ గుండ్రటి అక్షరాల్లో ఉంది. "మా ఆయన పోతయ్య గారు ఆఖరి ఏడాది చీటీలో నిజంగా ఏం రాశారో నాకు తెలియాలి. పోయే ముందు ఆయన నాతో, చీటీలో నేను రాసింది వేరు అన్నారు. ఏడేళ్ళుగా ఆ మాట నా చెవుల్లో తిరుగుతోంది."

రెండోసారి చదివాడు. తెల్లకాయితం ఒకటి తీసి ముందు పెట్టుకున్నాడు. పెన్ను మూత కూడా తీశాడు. 'కొట్టు పెద్దది చెయ్యాలి' అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆమె పదిమందిలో కాదంటుందా? ఆనాడు ఆమె మొగుడు అన్నాడా? బయటపడితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఉద్యోగం పోతే పోనీ, అరవైకి దగ్గరపడ్డాడు. కానీ ఇన్నేళ్ళుగా ఈ ఊరు నమ్మిన చీటీ అబద్ధమని తేలిపోతుంది. శామ్యూలు గారంటే లేచి నిలబడే మనుషులు మొహం తిప్పుకుంటారు.

అప్పుడే ఫోను మోగింది. గుడివాడ నుంచి దీవెన.

"నాన్నా, రేపు మీ మీటింగు అయ్యాక వచ్చేస్తా, పలావు నేను చేస్తాలే. అన్నట్టు అందరి చీటీలూ నువ్వే పోగేస్తావు కదా, నీ చీటీలో నువ్వేం రాసుకున్నావు?"

"నేను సభ్యుణ్ణి కాదు కదమ్మా. గుమాస్తాకి చీటీ ఉండదు."

"ఉంటే ఏం రాసేవాడివో చెప్పు."

అతను పెన్నుకి మూత పెట్టాడు. లైను కట్టయిందనుకుని ఆ పిల్ల రెండుసార్లు "నాన్నా, నాన్నా" అని పిలిచి పెట్టేసింది. శామ్యూల్ రాజ్ తెల్లకాయితాన్ని ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. వీరలక్ష్మి చీటీని ఎలా ఉన్నది అలాగే మడిచి డబ్బాలో వేసి, మూత పెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి డబ్బాని రెండు చేతులతో గట్టిగా ఊపాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. పెడన నుంచి వెంకటస్వామి, కలప ప్రకాష్, కొత్తగా చేరిన ఆడవాళ్ళు మొదటి వరసలో. ఎనభై ఏళ్ళ అంకమ్మరావు చేతికర్ర పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. చీటీలు తియ్యడం మొదలైంది. ఈసారి అన్నీ తిరగబడుతున్నాయి. బేకరీ ఆయన లక్ష్యం మోటార్లు బాగుచేసే ఆయనకొచ్చింది, "నాకు పిండి కలపడం కూడా రాదు కదండీ!" అని అతను తల పట్టుకుంటే అందరూ నవ్వారు. ఆరో పేరు అధ్యక్షుడిదే. గిరిధర్ హుషారుగా లేచి చీటీ తీసి, మైకు ముందు చదవడం మొదలుపెట్టి, సగంలోనే గొంతు తగ్గించాడు. చదవడం పూర్తయ్యేసరికి అందరూ మొదటి వరస వైపు తిరిగారు.

అంకమ్మరావు కర్ర ఊతంగా లేచాడు. "ఆ చీటీ తీసింది నేనేనమ్మా వీరలక్ష్మీ. పని పెంచుకోవాలని రాశాడు మీ ఆయన. నా కళ్ళతో నేను చదివాను. కావలిస్తే రిజిస్టరు చూడు."

గిరిధర్ ప్రాణం లేచొచ్చినట్టు పాత రిజిస్టరు తిరగేశాడు. "ఇదిగోండి ఉంది. పోతయ్య గారు, పూత పని పెంచుకోవాలి, జామీను అంకమ్మరావు గారు, నెరవేరింది. మీ సంతకం కూడా ఉంది మేడం. అయితే ఈ ఏటి లక్ష్యం మొదటి రోజే తీరిపోయినట్టేనండీ!"

వీరలక్ష్మి రిజిస్టరు వైపు చూసింది. తల ఊపింది. "సరేనండీ. జ్వరంలో ఏదో అన్నారేమో. నేనే పిచ్చిదాన్ని, పండగ పూట మీ అందరి మనసూ పాడు చేశాను" అని పమిట చెంగు సర్దుకుని కూర్చుంది.

అయిపోయింది. శామ్యూల్ రాజ్ చెయ్యాల్సింది ఇక ఏమీ లేదు. ఏడో పేరు పిలిస్తే చాలు, జన్మలో ఎవరూ అడగరు. జాబితా మీద వేలు కూడా పెట్టాడు. కానీ "నేనే పిచ్చిదాన్ని" అన్న మాట విన్నాక ఆ పేరు పిలవలేకపోయాడు. జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు.

"ఆమె పిచ్చిది కాదండీ" అన్నాడు. "పోతయ్య రాసిన చీటీ ఇది. అంకమ్మరావు గారు చదివింది నేను రాసింది. నేనే మార్చాను."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. చీటీలు చదివి పేర్చడం నుంచి తెల్లకాయితం దాకా దాచకుండా అంతా చెప్పాడు. మంచి జరుగుతుందనుకున్నానన్నాడు గానీ, ఆ మాట తన చెవులకే చేదుగా వినిపించి మధ్యలో ఆపేశాడు. కాయితం పట్టుకెళ్ళి వీరలక్ష్మికి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"మీరే చదవండి. ఇన్నాళ్ళూ మీ దగ్గరే ఉంది కదా."

శామ్యూల్ రాజ్ మడతలు విప్పాడు. మడత పడిన చోటల్లా కాయితం చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది.

"మండలి పెద్దలకి నమస్కారం. ఈ ఏడాది నా వర్క్‌షాపు మూసెయ్యాలి. పొగ పడటం లేదు, పని మానకపోతే బతకవు అని డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఇంట్లో చెప్పడానికి నోరు రావడం లేదు. ఈ పని పెట్టినప్పుడు వీరలక్ష్మి తన పుస్తెల తాడు తీసిచ్చింది, మూసేస్తానంటే ఏమంటుందోనని భయం. ఈ చీటీ ఎవరికొస్తే వాళ్ళు దయచేసి మా ఇంటికొచ్చి ఆమెకి నెమ్మదిగా చెప్పండి. ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఇట్లు, పోతయ్య."

కిటికీ దగ్గర అంకమ్మరావు చేతికర్ర నేలమీద పడింది. "నాచేత చేయించావు కదరా శామ్యూలూ! మద్రాసు నుంచి ఆర్డర్లు తెప్పించి, నా చేతులతో వాణ్ణి తొట్లోకి తోశాను కదరా!" అని ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రకాష్ వెళ్ళి పట్టుకున్నాడు.

వీరలక్ష్మి ఏడవలేదు. ఆ కాయితం వైపే చూస్తూ, ఎవరితోనో కాదు, తనతో తను చెప్పుకున్నట్టు అంది.

"నెమ్మదిగా కూడా చెప్పక్కర్లేదు. వీధిలో నిలబడి కేకేసి చెప్పినా వినేదాన్ని. ఆ తాడుదేముంది, మనిషి కంటే ఎక్కువా? ఆ రోజే షట్టర్ దించేదాన్ని. ఒక్క మాట చెప్పమన్నాడు. ఒక్క మాట."

శామ్యూల్ రాజ్ కళ్ళనిండా నీళ్ళు. ఆఫీసు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు క్షమాపణ అడిగే మొహం కూడా లేదమ్మా" అన్నాడు. గిరిధర్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. "ఇవాళ్టికి సభ ఆపేద్దామండీ, మళ్ళీ ఇంకో రోజు..." అని నసిగాడు.

"ఎందుకాపడం?" అంటూ వీరలక్ష్మి లేచి బల్ల దగ్గరకొచ్చింది. "పాత రిజిస్టరు ఇటివ్వండి బాబూ."

గిరిధర్ ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుంది. రెండో గడిలో అంకమ్మరావు పేరు మీద కొంచెంసేపు పెన్ను ఆనించి, దాన్ని ఏమీ చెయ్యకుండా వదిలేసింది. మూడో గడిలో "నెరవేరింది" అన్న మాటనీ, దాని కింద తను ఏడేళ్ళ కిందట చేసిన సంతకాన్నీ ఒకే గీతతో కొట్టేసింది. పక్కన ఉన్న కాస్త చోటులో గుండ్రటి అక్షరాలతో "నెరవేరలేదు" అని రాసి, మళ్ళీ సంతకం చేసి, పెన్ను శామ్యూల్ రాజ్ వైపు జరిపింది.

"ఇక్కడ మీది."

అతను సంతకం పెట్టాడు. గుమాస్తా పేరు ఆ రిజిస్టరులో ఏ గడిలోనైనా పడటం అదే మొదలు. ఆమె ఆ సంతకం ఆరేదాకా చూసి, పోతయ్య చీటీ మడతల ప్రకారమే మడిచి బొడ్లో దోపుకుంది. బల్ల మీదున్న తాళంచెవిని అతని వైపు తోసింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. బయటికి వెళ్ళిపోతుందనుకున్నవాళ్ళంతా ఆమె వైపే చూస్తున్నారు.

"ఇంకా నలభై మంది చీటీలు ఉన్నాయి డబ్బాలో. వాళ్ళూ ఏదో ఒకటి ఆశపడే రాసి ఉంటారు" అంది. "తరువాతి పేరు పిలవండి, గుమాస్తా గారూ."

ముప్ఫై ఏళ్ళలో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి. శామ్యూల్ రాజ్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, జాబితా దగ్గరకు తీసుకుని, ఏడో పేరు పిలిచాడు.